గనిలో పిట్ట నుంచి తొట్టిలో చేప దాకా



విషం అనగానే మనకు పాము కాటు, ఉమ్మెత్త కాయ, గన్నేరు పప్పు గుర్తుకొస్తాయి. ఇవన్నీ గంటల్లో తేలిపోయే విషాలు. మనిషి పడిపోతాడు, ఊరు పోగవుతుంది, కారణం ఏమిటో అందరికీ తెలుస్తుంది. మరో రకం విషం ఉంది. దానికి రంగుండదు, వాసనుండదు. తాగినవాడు మరునాడు లేచి మామూలుగానే పొలానికి వెళతాడు. దాని ఫలితం పదేళ్లకో ఇరవై ఏళ్లకో పుట్టకురుపై బయటపడవచ్చు. లేదా అతనిలో కాక, అతనికి పుట్టబోయే బిడ్డలో కనిపించవచ్చు. అప్పటికి ఆ నీరు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. ఆ నీటిని వదిలిన ఫ్యాక్టరీ చేతులు మారి ఉంటుంది. ఇక సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇలాంటి విషానికి ముందుగానే సాక్షిని సంపాదించాలని మనిషి నూరేళ్లకు పైగా ప్రయత్నిస్తూ వచ్చాడు. మొదట పిట్టను నమ్ముకున్నాడు. తరువాత ఈగను, బాక్టీరియాను, ఎలుకను నమ్ముకున్నాడు. చివరికి ఎలుక శరీరంలో, చేప శరీరంలో బాక్టీరియా జన్యువును ఉంచి, దానిచేత సాక్ష్యం చెప్పించాడు. ఆ చరిత్రే ఈనాటి మన ప్రసంగ విషయం.

ముందుగా ఒక మాటకు అర్థం చెప్పుకుందాం. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'ఉత్పరివర్తనం' అనే పదం ఉంది. పిల్లలకు నోరు తిరగదు. సరిహద్దుకు ఆవల తమిళ పాఠ్యపుస్తకంలో ఇదే విషయాన్ని 'సడుది మాట్రం' అంటారు, అంటే ఉన్నట్టుండి జరిగే మార్పు. రెండు భాషల పిల్లలకూ పాఠం చెప్పేటప్పుడు నాకు ఆ తమిళ మాట ఎంతో ఉపకరించింది. మన ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఎ. అనే ఒక పెద్ద గ్రంథం ఉంటుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా ఆ గ్రంథానికి కొత్త ప్రతి తయారవుతుంది. పూర్వం తాళపత్రాల నుంచి ప్రతులు రాసిన లేఖకుల చేతిలో అక్షరాలు తారుమారై పాఠాంతరాలు పుట్టినట్టే, ఇక్కడా అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. 'మందు' అన్నచోట ఒక్క కొమ్ము చేరితే 'ముందు' అవుతుంది కదా! ఆ మార్పే ఉత్పరివర్తనం. దాన్ని ఎక్కువ చేసే రసాయనాలను, కిరణాలను ఉత్పరివర్తన కారకాలు అంటారు. ఇలాంటి మార్పులు చాలావరకు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం కేన్సరుకు దారి తీస్తాయి. అండంలోనో, శుక్రకణంలోనో జరిగితే తరువాతి తరానికి సంక్రమిస్తాయి.

ఇక చరిత్రలోకి వెళదాం.

1896లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, టైలర్స్‌టౌన్ అనే చోట బొగ్గుగనిలో పేలుడు జరిగింది. చనిపోయిన కార్మికుల శరీరాలను పరీక్షించినవారిలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఒకరు. పేలుడు దెబ్బకు చనిపోయినవారి కంటే, పేలుడు తరువాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును పీల్చి చనిపోయినవారే ఎక్కువమంది అని ఆయన తేల్చాడు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందుకని గనిలోకి దిగేటప్పుడు చిన్న ఎలుకనో, కెనరీ పిట్టనో వెంట తీసుకుపొమ్మని సలహా ఇచ్చాడు. పిట్ట మనిషి కంటే వేగంగా ఊపిరి తీస్తుంది. మనిషికి తెలియక ముందే అది తూలి పడుతుంది. అది పడిందంటే మనుషులు పైకి వచ్చేయాలి. బ్రిటన్ గనుల్లో 1911 నుంచి అమలులో ఉన్న ఈ పద్ధతికి 1986లో స్వస్తి చెప్పి, ఆ స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలను పెట్టారు. కోలారు బంగారు గనుల్లో తాతలు, తండ్రులు పనిచేసిన కుటుంబాల శ్రోతలకు గని లోపలి గాలి ఎంత నమ్మరానిదో నేను చెప్పనక్కరలేదు.

ఈ హాల్డేన్ దొరకు ఒక కొడుకు ఉండేవాడు. చిన్నతనంలోనే తండ్రితోపాటు గనుల్లోకి దిగేవాడు. ఒకసారి గని పైకప్పు దగ్గర మీథేన్ వాయువు పోగైన చోట తండ్రి ఆ అబ్బాయిని నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. కొన్ని పంక్తులు చెప్పేసరికి ఆయాసం వచ్చి కుర్రవాడు కింద పడిపోయాడు. కింద గాలి బాగానే ఉంది, తేరుకున్నాడు. ఈ వాయువు తేలిక కాబట్టి పైన చేరుతుందని జన్మలో మరిచిపోని విధంగా నేర్చుకున్నాడు. ఈ కుర్రవాణ్ణి గుర్తు పెట్టుకోండి, కొంచెం సేపట్లో మళ్లీ కలుసుకుంటాం.

కెనరీ పిట్ట గొప్ప సాక్షే. కాని అది చెప్పగలిగింది ఒక్కటే మాట: 'ఇప్పుడు, ఇక్కడ ప్రాణం పోతుంది.' నిదానంగా, వంశంలోకి పాకే విషాన్ని గురించి దానికి తెలియదు. అలాంటి విషం ఒకటుందని అప్పటికి మనిషికీ తెలియదు.

అది తెలిసింది ఈగల వల్ల. అరటిపండు బాగా మగ్గితే చుట్టూ ముసిరే చిన్న చిన్న ఈగలు మీ అందరికీ తెలుసు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ ఆ జాతి ఈగలను పాలసీసాల్లో పెంచుతూ వంశపారంపర్యాన్ని పరిశోధించాడు. 1910లో ఎర్రకళ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల ఈగ కనిపించింది. అది ఒక ఉత్పరివర్తనం. అయితే అలాంటివి సహజంగా రావాలంటే వేల ఈగలను చూడాలి, ఎంతో కాలం కాచుకోవాలి.

మోర్గన్ శిష్యుల్లో ఒకడైన హెర్మన్ ముల్లర్ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఈగల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, వాటి సంతానాన్ని లెక్కపెట్టాడు. ఉత్పరివర్తనాలు ఎన్నో రెట్లు పెరిగాయి. 1927లో ఈ సంగతి ప్రకటించాడు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బయటి నుంచి వచ్చే ఒక శక్తి జీవి గ్రంథంలోని అక్షరాలను మార్చగలదని మొదటిసారి రుజువైంది. ఆ రోజుల్లో ఎక్స్-కిరణాలను ఎంత నిర్లక్ష్యంగా వాడేవారంటే, చెప్పుల దుకాణాల్లో పాదం కొలత చూడటానికి కూడా వాడేవారు. వైద్యులైనా సరే, ఈ కిరణాలను జాగ్రత్తగా వాడాలని ముల్లర్ జీవితాంతం హెచ్చరిస్తూనే ఉన్నాడు.

కిరణాల సంగతి సరే, రసాయనాల సంగతేమిటి? దీనికి జవాబు యుద్ధ సమయంలో దొరికింది. షార్లెట్ ఔఎర్‌బాఖ్ జర్మనీలో యూదుల కుటుంబంలో పుట్టింది. హిట్లర్ అధికారంలోకి రాగానే బడిపంతులమ్మ ఉద్యోగం పోగొట్టుకుని, 1933లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకు వలస వచ్చింది. అక్కడ రాబ్సన్ అనే మందుల శాస్త్రవేత్త మస్టర్డ్ గ్యాస్‌ను పరిశీలిస్తున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువు అది. దాని వల్ల అయిన పుండ్లు ఎక్స్-కిరణాల వల్ల అయిన పుండ్లలాగే మానకుండా వేధిస్తున్నాయి. అయితే ఇది కూడా జన్యువులను మారుస్తుందా? ఔఎర్‌బాఖ్ ఈగలకు ఆ వాయువు తగిలించింది. ఆ పనిలో ఆమె చేతులు కూడా కాలాయి. సంతానాన్ని లెక్కపెడితే అనుమానం నిజమైంది. 1941 నాటికే ఫలితం తెలిసినా, యుద్ధ రహస్యం కావడం వల్ల యుద్ధం ముగిసిన తరువాత గాని వివరంగా ప్రకటించనివ్వలేదు.

ఇప్పుడు గనిలో పద్యం అప్పజెప్పిన కుర్రవాడి దగ్గరికి వద్దాం. అతడే జె.బి.ఎస్. హాల్డేన్, ఇరవయ్యో శతాబ్దపు మహా జన్యుశాస్త్రజ్ఞుల్లో ఒకడు. మనుషుల్లో ఒక జన్యువు సహజంగా ఎంత తరచుగా మారుతుందో మొదటిసారి లెక్కగట్టింది ఆయనే. అందుకు హీమోఫిలియా అనే జబ్బును తీసుకున్నాడు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని ఈ జబ్బున్న మగపిల్లలు ఆ రోజుల్లో పెళ్లీడుకు రాకముందే చాలామంది చనిపోయేవారు. అలాగైతే కొన్ని తరాల్లో ఆ జబ్బే లోకంలో లేకుండా పోవాలి. పోలేదంటే, కొత్త ఉత్పరివర్తనాలు ఎప్పటికప్పుడు పుడుతూ ఉండాలి. పోయేవాటిని లెక్కపెడితే వచ్చేవాటి లెక్క తెలుస్తుంది. ఆ విధంగా 1935లో, తరానికి సుమారు 50,000కు ఒకటి అని అంచనా వేశాడు.

ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశం వచ్చి, మన పౌరసత్వం తీసుకున్నాడు. మొదట కలకత్తాలో పనిచేసి, తరువాత ఒడిశాలోని భువనేశ్వర్‌లో స్థిరపడి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు ఇవ్వాలని వీలునామా రాశాడు. ఆ ప్రకారం ఆయన శరీరం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఒడిశాలోను, యానాంలోను ఉండే మన శ్రోతలకు ఇది ఇరుగుపొరుగు కథే. చిన్నప్పుడు గనిలో గాలిని తన శరీరం మీదే పరీక్షించిన మనిషి, చివరికి ఆ శరీరాన్నే మన పిల్లల చదువుకు ఇచ్చి వెళ్లాడు.

హాల్డేన్ లెక్కలోనే అసలు చిక్కు దాగి ఉంది. 50,000కు ఒకటి అంటే ఒక చిన్న పట్టణం మొత్తం మీద ఒకటో రెండో. ఏదైనా కాలుష్యం వల్ల అది రెట్టింపు అయినా, ఒకటి రెండవుతుంది. యాదృచ్ఛికమో, కాలుష్యమో ఎవరు చెప్పగలరు? 1945లో హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు పడిన తరువాత, బతికి బయటపడినవారికి పుట్టిన శిశువులను డెబ్బై వేలకు పైగా పరిశీలించారు. తల్లిదండ్రుల్లో కేన్సర్లు పెరిగినట్టు తరువాతి కాలంలో స్పష్టంగా తేలింది. బిడ్డల్లో మాత్రం, వంశపారంపర్యంగా హాని పెరిగినట్టు లెక్కల్లో నిలిచే తేడా కనిపించలేదు. అంత పెద్ద ఘోరం జరిగినచోటే మనుషులను లెక్కపెట్టి తేల్చడం ఇంత కష్టమైతే, ఒక వాగులో రోజూ కొంచెం కొంచెం కలిసే రసాయనం సంగతి మనుషులను లెక్కపెట్టి తేల్చగలమా? ఒకవేళ తేల్చగలిగినా, ఆ సాక్ష్యం మన బిడ్డల శరీరాలే కావాలి. అలాంటి సాక్ష్యం ఎవరికి కావాలి?

అందుకే మనిషికి దగ్గరి జీవి కావాలనుకున్నారు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో విలియం రసెల్, లియేన్ రసెల్ దంపతులు 1940ల చివరి నుంచి చిట్టెలుకల మీద పరిశోధన సాగించారు. వెంట్రుకల రంగు వంటి, కంటికి కనిపించే ఏడు లక్షణాలను ఎంచుకుని, పిల్లల్లో అవి మారాయేమో చూసేవారు. ఈ పద్ధతి నమ్మదగినదే. కాని ఒక్క రసాయనం సంగతి తేలాలంటే వేలకు వేలు పిల్లలను పెంచి చూడాలి. అంత ఖర్చు, అంత కాలం, అన్ని ప్రాణాలు! లోకంలో పుట్టుకొస్తున్న వేలాది కొత్త రసాయనాలకు అది సరిపోదు.

అప్పుడు బాక్టీరియా వంతు వచ్చింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాడు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాను తీసుకున్నాడు. హిస్టిడిన్ లేని పళ్లెంలో వేస్తే అవి పెరగవు. ఏదైనా రసాయనం వాటి జన్యువును మారిస్తే, పోయిన శక్తి కొన్నిటికి తిరిగి వస్తుంది. అవి పెరిగి చుక్కలుగా కనిపిస్తాయి. చుక్కలు లెక్కపెడితే చాలు, రెండు రోజుల్లో జవాబు దొరుకుతుంది. కొన్ని రసాయనాలు నేరుగా హాని చేయవు, కాలేయంలో మార్పు చెందిన తరువాతే చేస్తాయి. అందుకని 1973లో ఏమ్స్ బృందం ఎలుక కాలేయపు రసాన్ని కూడా ఆ పళ్లెంలో కలిపింది.

ఈ పరీక్ష ఇంటింటికీ సంబంధించిన నిజాలు బయటపెట్టింది. జపాన్‌లో చేపల ఆహారంలోను, సోయా చిక్కుడు జున్నులోను నిల్వ కోసం కలిపే ఎ.ఎఫ్.-2 అనే మందు ఉత్పరివర్తన కారకమని తేలింది. 1974లో దాన్ని నిషేధించారు. అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులకు నిప్పంటకుండా ట్రిస్ అనే రసాయనం పట్టించేవారు. ఆర్లీన్ బ్లమ్, ఏమ్స్ కలిసి అది ఉత్పరివర్తన కారకమని 1977 జనవరిలో ప్రకటించారు. ఏప్రిల్‌కల్లా ఆ దుస్తులను నిషేధించారు. కొన్ని రోజుల పరీక్ష లక్షల పిల్లలను కాపాడింది.

అయినా లోటు ఒకటి మిగిలింది. బాక్టీరియా ఒంటరి కణం. దానికి కాలేయం లేదు, ఎముక మూలుగు లేదు, రక్తప్రసరణ లేదు, సంతానబీజం లేదు. పళ్లెంలో హాని చేసినది శరీరంలోకి వెళ్లి విరిగిపోవచ్చు. పళ్లెంలో తప్పించుకున్నది శరీరంలో ఏదో ఒక అవయవంలో పేరుకుపోవచ్చు. బాక్టీరియా త్వరగా చెబుతుంది గాని, శరీరం సంగతి చెప్పలేదు. ఎలుక శరీరం సంగతి చెబుతుంది గాని, వేల ఎలుకలు కావాలి. ఈ రెంటినీ కలిపితే?

1980లో అమెరికాలో గార్డన్, రడిల్ అనే శాస్త్రజ్ఞులు చిట్టెలుక పిండంలోకి బయటి డి.ఎన్.ఎ.ను సన్నని గాజుసూదితో చొప్పించగలిగారు. ఇలా మరో జీవి జన్యువును మోసుకు తిరిగే జంతువునే జన్యుమార్పిడి జంతువు అంటున్నాం. 1989లో నెదర్లాండ్స్‌లో యాన్ గోసెన్, యాన్ వైఖ్, వారి సహచరులు ఈ విద్యను మన ప్రశ్నకు అన్వయించారు. ముసలితనంలో కణాల్లో ఎన్ని ఉత్పరివర్తనాలు పేరుకుంటాయో తెలుసుకోవాలన్న కోరిక కూడా ఆ పరిశోధన వెనుక ఉంది. వారు తయారు చేసిన ఎలుకకు 'ముటా మౌస్' అని పేరు. 1991లో అమెరికాలో 'బిగ్ బ్లూ' అనే మరో ఎలుక వచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా వినండి. బాక్టీరియాను పట్టి పీడించే లాంబ్డా అనే వైరస్ ఒకటుంది. ఆ వైరస్ డి.ఎన్.ఎ.లో, మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియాకు చెందిన ఒక జన్యువును కూర్చారు. ముటా మౌస్‌లో అది లాక్-జడ్ జన్యువు, బిగ్ బ్లూలో లాక్-ఐ జన్యువు. ఆ మొత్తాన్ని ఎలుక పిండంలోకి చొప్పించారు. పుట్టిన ఎలుకలో ప్రతి కణంలోనూ ఆ జన్యువు పదుల సంఖ్యలో ప్రతులుగా ఉంటుంది. దాని వల్ల ఎలుకకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఎలుక తింటుంది, తిరుగుతుంది, పిల్లలను కంటుంది. ఆ జన్యువు మాత్రం ఒక మూల కూర్చుని, ఆ శరీరంలో జరిగేదంతా మౌనంగా తన మీద నమోదు చేసుకుంటుంది.

ఇప్పుడు ఆ ఎలుకకు అనుమానం ఉన్న రసాయనం తగిలేలా చేస్తారు. కొంతకాలం తరువాత దాని ప్రాణం తీసి, కాలేయం నుంచో, మూలుగు నుంచో, వృషణాల నుంచో డి.ఎన్.ఎ.ను వేరు చేస్తారు. వైరస్ తలలను తయారు చేసే మిశ్రమాన్ని అందులో కలిపితే, ఆ వైరస్ భాగాలు మాత్రం విడివడి మళ్లీ వైరస్‌లుగా కూడుకుంటాయి. వాటిని బాక్టీరియా పరచిన పళ్లెం మీద చల్లుతారు. ఒక్కొక్క వైరస్ బాక్టీరియాను తింటూ పోయి, ఒక్కొక్క మచ్చగా ఏర్పడుతుంది. రంగు తేల్చే రసాయనం ఆ పళ్లెంలోనే ఉంటుంది. ముటా మౌస్ పద్ధతిలో జన్యువు చెడకుండా ఉంటే మచ్చ నీలంగాను, చెడితే రంగు లేకుండాను ఉంటుంది. బిగ్ బ్లూలో దీనికి తిరకాసు: చెడితేనే నీలం. ఆ పేరు అందుకే వచ్చింది. ఏ రసాయనమూ తగలని ఎలుకలో కూడా లక్ష మచ్చలకు కొన్ని చెడినవి సహజంగానే ఉంటాయి. రసాయనం తగిలిన ఎలుకలో అంతకు ఎన్ని రెట్లు ఎక్కువ ఉన్నాయో లెక్కపెడతారు.

గమనించారా? ఇక్కడ లెక్కపెడుతున్నది ఎలుకలను కాదు, జన్యువులను. ఒక్క ఎలుక అవయవం నుంచి లక్షల జన్యువులు వస్తాయి. కాబట్టి వేల ఎలుకలు చేసే పని కొద్ది ఎలుకలతో అవుతుంది. ఏ అవయవానికి హాని జరిగిందో విడివిడిగా తెలుస్తుంది. హాని బీజకణాల దాకా పోయిందా, శరీరంలోనే ఆగిందా అన్నదీ తెలుస్తుంది. చాలా దేశాలు కలిసి రసాయన పరీక్షలకు నియమాలు రాసుకునే ఓ.ఇ.సి.డి. సంస్థ 2011లో ఈ పద్ధతికి ఒక ప్రామాణిక నిబంధనను ఆమోదించింది.

తరువాతి అడుగు నీటిలోకి. మన భయం ఎక్కువగా నీటిని గురించే కాబట్టి, చేపకంటే మంచి సాక్షి ఎవరు? అది రాత్రింబగళ్లు నీటిలోనే ఉంటుంది, ఆ నీటినే మొప్పల ద్వారా పీలుస్తుంది. 2000 సంవత్సరంలో రెండు దేశాల నుంచి రెండు వార్తలు వచ్చాయి. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ విన్, ఆయన సహచరులు మెడాకా అనే చేపలో లాంబ్డా వైరస్ జన్యువును ఉంచారు. మెడాకా జపాన్ వరిపొలాల నీళ్లలో ఈదే చిన్న చేప. జపాన్‌లో అమానుమా, ఆయోకి బృందం జీబ్రా చేపలో ఇ. కోలై బాక్టీరియాకు చెందిన మరో జన్యువును ఉంచింది. ఒంటి మీద నీలిచారలుండే ఈ జీబ్రా చేప మన ఉపఖండానిదే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. మన వాగుల చేప ప్రపంచమంతా తిరిగి, ప్రయోగశాలలో సాక్షిగా నిలబడిందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ఈ చేపలను తీసుకెళ్లి నదిలో వదిలిపెట్టరు, వదలకూడదు. నీటినో, నీటిలోని రసాయనాన్నో ప్రయోగశాల తొట్టిలోకి తెచ్చి పరీక్షిస్తారు. మన దేశంలో జన్యుమార్పిడి జీవులను ఉంచుకోవడానికి, వాడటానికి 1989లో చేసిన నియమాల ప్రకారం అనుమతి కావాలి. మరో సంగతి. మెరిసే చేపలని దుకాణాల్లో అమ్మడం మీలో కొందరు విని ఉంటారు. సింగపూర్‌లో గాంగ్ అనే శాస్త్రజ్ఞుడు జెల్లీచేప జన్యువుతో వెలిగే జీబ్రా చేపను తయారు చేశాడు. విషం తగిలినప్పుడు వెలిగే చేపను తయారు చేయాలన్నది ఉద్దేశం. 2003 చివరలో ఆ వెలిగే చేపలే అమెరికాలో ఇంటి అలంకారానికి అమ్మకానికి వచ్చాయి. కాపలాకు పుట్టినది చివరికి గాజుతొట్టిలో బొమ్మయింది.

ఇంత విన్న తరువాత మీరు ఒక ప్రశ్న అడగవచ్చు: 'సాక్ష్యం దొరికితే కాలుష్యం ఆగుతుందా?' దీనికి కెనడాలోని హామిల్టన్ నగరం కథ చెప్పాలి. అది ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఆ ఫ్యాక్టరీల దగ్గర గూళ్లు కట్టిన సముద్రపు కాకుల పిల్లల్లో ఉత్పరివర్తనాలు ఎక్కువగా ఉన్నాయని 1996లో యాక్, క్విన్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నీటి వల్లనా, తిండి వల్లనా, గాలి వల్లనా? తేల్చడానికి మామూలు చిట్టెలుకలనే తీసుకున్నారు. ఇవి జన్యుమార్పిడి ఎలుకలు కావు. వాటి డి.ఎన్.ఎ.లోనే సహజంగా తొందరగా మారే కొన్ని చోట్లను పరీక్షించారు. కొన్నిటిని ఫ్యాక్టరీల దగ్గర పాకలో, కొన్నిటిని దూరంగా పల్లెటూళ్లో పది వారాలు ఉంచి, తరువాత పిల్లలను కననిచ్చారు. ఫ్యాక్టరీ గాలి పీల్చిన ఎలుకల పిల్లల్లో ఉత్పరివర్తనాలు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉన్నాయని 2002లో తేలింది. అవి ముఖ్యంగా తండ్రి వైపు నుంచే వచ్చాయి.

వాళ్లు అక్కడితో ఆగలేదు. అదే చోట, అదే గాలిని సన్నని ధూళికణాలను పట్టే వడపోత గుండా పంపి మరికొన్ని ఎలుకలకు ఇచ్చారు. వాటి పిల్లల్లో ఉత్పరివర్తనాలు 52 శాతం తగ్గాయని 2004లో ప్రకటించారు. ఈ అంకె విలువ ఏమిటో ఆలోచించండి. 'హాని ఉంది' అనేది సగం సాక్ష్యం. 'దుమ్మును వడగడితే హాని సగానికి తగ్గుతుంది' అనేది పూర్తి సాక్ష్యం. ఎందుకంటే అది చేయవలసిన పనిని కూడా చెబుతోంది.

అయితే ఈ సాక్షుల హద్దులు కూడా చెప్పుకోవాలి. ఎలుకకు జరిగిందంతా మనిషికి జరుగుతుందని గాని, చేపకు జరగనిది మనిషికి జరగదని గాని అనుకోకూడదు. ప్రయోగశాలలో ఒక్కొక్క రసాయనాన్ని ఎక్కువ మోతాదులో ఇస్తారు. మన వాగులో పది రసాయనాలు కొంచెం కొంచెంగా కలిసి వస్తాయి. పైగా ప్రతి మచ్చ వెనుకా ఒక ప్రాణి ప్రాణం ఉంది. ఈ భారం తగ్గించడానికి కూడా శాస్త్రం దారులు వెతుకుతూనే ఉంది. డి.ఎన్.ఎ.లోని రెండు పోగులనూ విడివిడిగా చదివి, ఒకదానితో ఒకటి సరిచూసే కొత్త పద్ధతిని 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. రెండు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి అసలు పాఠం తేల్చినట్టే ఇదీ. దీనితో ఏ జీవిలోనైనా, అరుదైన మార్పులను కూడా నేరుగా చదవవచ్చు. ఒకనాడు పిట్టను పంజరం నుంచి పరికరం విడిపించినట్టు, రేపు ఈ ఎలుకనూ ఈ చదువు విడిపించవచ్చు.

చివరిగా మన ఇంటి సంగతి. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఒక విషయం బాగా తెలుసు: నదికి రాష్ట్రం లేదు. పాలారు కర్ణాటకలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌ను తాకి, తమిళనాడులో సాగుతుంది. వంశధార ఒడిశాలో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఎగువన ఒక భాష మాట్లాడేవారు వదిలిన నీటిని, దిగువన మరో భాష మాట్లాడేవారు తాగుతారు. ఫిర్యాదు చేద్దామంటే ఆఫీసు వేరు, కాగితం భాష వేరు.

పాలారు ఒడ్డున తోళ్ల శుద్ధి కార్ఖానాలు వదిలిన మురుగు మీద వేలూరు పౌరుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న కోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటికీ దారి చూపింది. కోలుకోలేని హాని జరిగే ముప్పు ఉన్నప్పుడు, శాస్త్రం పూర్తిగా తేల్చలేదనే సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయకూడదని కోర్టు చెప్పింది. కలుషితం చేసినవారే నష్టం భరించాలని చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, తన పని వల్ల పర్యావరణానికి హాని లేదని రుజువు చేయవలసిన బాధ్యత పరిశ్రమదే అని చెప్పింది. 'నీ బిడ్డకు జబ్బు మా నీళ్ల వల్లనే వచ్చిందని నువ్వు రుజువు చెయ్యి' అనే మాట ఇక చెల్లదన్నమాట.

ఈ తీర్పునూ, ఆ ఎలుకనూ, చేపనూ కలిపి చూడండి. రెండింటి దారీ ఒకటే. సాక్ష్యం మన బిడ్డల శరీరాల నుంచి రాకూడదు, అంతకు ముందే రావాలి. శాస్త్రం అందుకు పరీక్షలను సిద్ధం చేసింది. చట్టం అందుకు బాధ్యతను నిర్ణయించింది. కాని ఎలుక తనంతట తాను కోర్టు మెట్లెక్కదు, చేప ఫిర్యాదు రాయదు. నీళ్ల రంగు మారిన రోజును, చేపలు చచ్చి తేలిన రోజును తారీకుతో సహా రాసిపెట్టి, నమూనా తీసి పరీక్షకు పంపమని అడిగేవారు ఊళ్లో ఒకరైనా ఉండాలి. ఏం పరీక్షించారు, జీవుల మీద పరీక్షించారా, ఫలితం ఏమిటి అని అడిగే హక్కు మనకుంది. ఆ ప్రశ్న మీకు వచ్చిన భాషలో వేయండి. తెలుగులో వేసినా, కన్నడంలో వేసినా, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో వేసినా ప్రశ్న ఒకటే.